ఇద్దరు రాజులే మిగిలిన ఆట

చెస్‌లో డ్రా అడగడానికి ఒక పద్ధతుంది. ముందు మన ఎత్తు మనం వెయ్యాలి. తర్వాత డ్రా అడగాలి. ఆ తర్వాత గడియారం నొక్కాలి. ఇక నడిచేది అవతలివాడి టైమ్. వాడు తీరిగ్గా ఆలోచించుకుని సరే అనొచ్చు, లేదా ఒక్క మాటైనా మాట్లాడకుండా తన ఎత్తు తను వేసి కాదనొచ్చు. అడిగినవాడు మాత్రం అదే పట్టుకుని వేలాడకూడదు, నచ్చజెప్పకూడదు. అలా చేస్తే ప్రత్యర్థి ఏకాగ్రత చెడగొట్టినట్టే లెక్క.

సినిమాల్లో నాకు తెలిసిన అతి ప్రసిద్ధమైన డ్రా ప్రతిపాదన ఈ పద్ధతులన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. 1993లో వచ్చిన 'సెర్చింగ్ ఫర్ బాబీ ఫిషర్' చివర్లో, పిల్లల జాతీయ టోర్నమెంట్ ఆఖరి రౌండ్‌లో, జాష్ అనే కుర్రాడు చాలాసేపు బోర్డు వంక చూస్తూ కూర్చుంటాడు. పన్నెండు ఎత్తుల అవతల ఉన్న గెలుపు వాడికి కనిపిస్తుంది. కనిపించాక, ఎత్తు వెయ్యడు. బోర్డు మీదుగా చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న జోనథన్ పోని డ్రా తీసుకోమంటాడు. పో నమ్మడు, వెటకారంగా చూస్తాడు. నువ్వు ఓడిపోయావు, ఆ సంగతి నీకింకా తెలీదంతే, మొదటి స్థానం ఇద్దరం పంచుకుందాం అన్నట్టు జాష్ మళ్ళీ చెప్తాడు. పో ఒప్పుకోడు. ఆట సాగుతుంది. జాష్ గెలుస్తాడు.

ఈ సీన్ చూసిన ప్రతిసారీ నా కళ్ళు చెమరుస్తాయి. అందులో అబద్ధం లేదు. కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆ చాపిన చెయ్యి గురించి ఆలోచించకుండా ఉండలేను. ఎందుకంటే ఈ ఆట వెనక నిజంగా జరిగిన ఆట ఒకటుంది, 1986లో. అది ముగిసిన తీరు సినిమా ముగింపు కంటే గొప్పదని నా వాదన. సినిమా దాన్ని ఎందుకు వదిలేసుకుందో ఆలోచిస్తే, పిల్లల గెలుపోటముల గురించి మనం ఎలాంటి కథలు వినడానికి ఇష్టపడతామో కూడా కొంత తెలుస్తుంది.

సినిమా చూడనివాళ్ళ కోసం కాస్త నేపథ్యం. జాష్ వెయిట్జ్‌కిన్ నిజం మనిషి. 1976లో పుట్టాడు, న్యూయార్క్ కుర్రాడు. వాళ్ళ నాన్న ఫ్రెడ్ జర్నలిస్టు. కొడుకుతో పాటు టోర్నమెంట్ల చుట్టూ తిరిగిన అనుభవాలని 1988లో పుస్తకంగా రాశాడు. దాన్ని స్టీవెన్ జైలియన్ సినిమా తీశాడు. దర్శకుడిగా అది అతని మొదటి సినిమా. అదే ఏడాది వచ్చిన 'షిండ్లర్స్ లిస్ట్'కి స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఈయనే. బెన్ కింగ్‌స్లీ రెండిట్లోనూ ఉన్నాడు.

కథ చిన్నది. వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో బల్లల దగ్గర డబ్బులు పందెం కాసి చెస్ ఆడేవాళ్ళని చూసి జాష్ ఆట పట్టుకుంటాడు. వాళ్ళలో విన్నీ వాడికి మొదటి గురువు. లారెన్స్ ఫిష్‌బర్న్ వేశాడు ఆ పాత్ర. కొడుకు మామూలోడు కాదని తెలిశాక తండ్రి బ్రూస్ పాండోల్ఫీని అనే పేరున్న టీచర్ని కుదుర్చుతాడు. అది కింగ్‌స్లీ. పిల్లాడు గెలుస్తూ పోతాడు. గెలిచేకొద్దీ ఓటమి అంటే భయం పెరుగుతుంది. అప్పుడు పో వస్తాడు, బడికి కూడా వెళ్ళకుండా చెస్ ఒక్కటే బతుకుగా పెరుగుతున్న పిల్లాడు. తర్వాత సంగతి పైన చెప్పాను.

చెస్ రాని ప్రేక్షకుడికి చెస్ ఆటని చూపించడం చాలా కష్టమైన పని. క్రికెట్‌లో బంతి గాల్లోకి లేస్తే చాలు, థియేటర్ మొత్తం తల పైకెత్తుతుంది. ఇక్కడ బంతి లేదు, పరుగు లేదు, ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు. జైలియన్ దీనికి కనిపెట్టిన ఉపాయం బోర్డుని వదిలేసి చేతుల్నీ మొహాల్నీ పట్టుకోవడం. జాష్‌గా వేసిన మాక్స్ పొమెరాంక్ నిజంగానే టోర్నమెంట్లు ఆడిన పిల్లాడు. ఆ తేడా తెరమీద తెలుస్తుంది. పావుని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన పావుని అరచేతిలోకి తీసుకుని, అదే చేత్తో గడియారం కొట్టే విసురు కొద్దివారాల ట్రైనింగ్‌తో వచ్చేది కాదు. కాన్రాడ్ హాల్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. మసక గదుల్లో పిల్లాడి బుగ్గ మీద మాత్రమే వెలుతురు పడే షాట్లు చూస్తే ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

అయితే సినిమా అసలు బలం ఆటలో లేదు, తండ్రిలో ఉంది. జో మాంటెన్యా చేసిన ఫ్రెడ్ దుర్మార్గుడు కాడు. కొడుకుని ప్రేమిస్తాడు. అదే సమస్య. బళ్ళో టీచరమ్మ ఈ చెస్ గొడవేమిటి, చదువు దెబ్బతింటోంది అన్నట్టు మాట్లాడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. నేను నా జీవితంలో ఏ పనిలోనూ లేనంత గొప్పగా నా కొడుకు ఈ పనిలో ఉన్నాడు అన్న అర్థం వచ్చేలా అరుస్తాడు. ఆ అరుపులో గర్వం ఎంతుందో ఈర్ష్య అంతుంది, దిగులు అంతకంటే ఎక్కువుంది. తర్వాత ఒక టోర్నమెంట్‌లో జాష్ ఏడు ఎత్తుల్లో ఓడిపోతాడు. బయట వాన. వానలో నిలబెట్టి తండ్రి అడుగుతాడు, ఏడు ఎత్తుల్లో ఎలా ఓడిపోతావురా అని. పిల్లాడు జవాబు చెప్పడు. తిరిగి ఒకటే అడుగుతాడు, నువ్వెందుకు నాకంత దూరంగా నిలబడ్డావని.

ఈ ప్రశ్న కోసమైనా ఈ సినిమా చూడాలి. ఓడినప్పుడు తండ్రి నిలబడే దూరాన్ని పిల్లాడు అడుగుల్లో కొలుస్తున్నాడు. జాష్ భయం చెస్ భయం కాదు, ఓడితే నాన్న తనవాడు కాకుండా పోతాడేమోనన్న భయం. ఈ సంగతి కనిపెట్టేది తల్లి. జోన్ ఆలెన్ చేసిన బానీ మాటలు తక్కువ మనిషి, కానీ పిల్లాడిలోని మంచితనాన్ని బలహీనత కింద లెక్కేస్తే ఊరుకోనని భర్తకి తెగేసి చెప్పేస్తుంది.

హాస్యం కూడా ఉంది. టోర్నమెంట్ హాల్లో తల్లిదండ్రులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునేసరికి నిర్వాహకులు వాళ్ళందర్నీ బయటికి పంపి వేరే గదిలో పెట్టి తలుపేసేస్తారు. హాల్లో పిల్లలందరూ చప్పట్లు కొడతారు. కోచింగ్ సెంటర్ గేటు బయట ఎండలో నిలబడ్డ తల్లిదండ్రుల్ని చూస్తూ పెరిగిన నాలాంటివాడికి ఆ చప్పట్ల శబ్దం ఇంకోరకంగా వినిపిస్తుంది.

ఇద్దరు గురువుల మధ్య గొడవ కూడా సినిమాకి ముఖ్యం. విన్నీది పార్కు ఆట. మంత్రిని, అదే మనం క్వీన్ అంటాం, పెందలాడే బయటికి తీసి ఎదుటివాడి మీద పడిపోవాలి. బోర్డుతో కాదు, మనిషితో ఆడాలి. బ్రూస్‌ది గది ఆట. తొందరపడకూడదు, మనసులో మొత్తం కనిపించేదాకా చెయ్యి కదపకూడదు. ఒక సీన్‌లో పిల్లాడికి కనిపించట్లేదని బోర్డు మీద పావులన్నీ ఒక్క తోపుతో కింద పడేస్తాడు, ఇప్పుడు చూడమంటాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బ్రూస్ ఇంకో మెట్టెక్కుతాడు. ఎదుటివాణ్ణి చిన్నచూపు చూడాలి, ద్వేషించాలి, ఫిషర్ అలాగే గెలిచాడు అంటాడు. నేను ఆయన్ని కాదు కదా అంటాడు పిల్లాడు. సినిమా పేరుకి జవాబు అక్కడుంది. 1972లో స్పాస్కీని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యి, తర్వాత ఇరవయ్యేళ్ళు ఆటకి మొహం చాటేసిన ఫిషర్ కోసం అందరూ వెతుకుతుంటే, వీడు మాత్రం నేను వేరే అంటున్నాడు.

కాబట్టి చివరి ఆటలో సినిమా తేల్చాల్సిన విషయం ఒకటే. ద్వేషించకుండా గెలవొచ్చా? చాపిన చెయ్యి దానికి జవాబు.

ఇప్పుడు ఆ ఆటని కొంచెం దగ్గరగా చూద్దాం. పావులన్నీ ఒకదాన్నొకటి తినేసుకుని చివరికి చెరో బంటూ మిగులుతుంది. బంటు బోర్డు ఆ చివరికి చేరితే మంత్రి అవుతుంది. ఇద్దరి బంట్లూ పరుగు అందుకుంటాయి. పో బంటు ఒక ఎత్తు ముందే చేరుతుంది. కుర్రాడి మొహం వెలిగిపోతుంది. మరుసటి ఎత్తులో జాష్ బంటు ఎదురు మూలన మంత్రి అవుతుంది, అవుతూనే రాజుకి చెక్ చెప్తుంది. ఒక మూల జాష్ మంత్రి, ఐమూలగా ఎదురు మూల పో మంత్రి, మధ్యలో అదే గీత మీద పో రాజు. చెక్ పడింది కాబట్టి రాజు తప్పుకోవాలి. తప్పుకున్నాడా, వెనకున్న మంత్రి పోతుంది. ముందు చేరినవాడే ఓడాడు.

బోర్డు మీద ఇంత చక్కటి కథ ఉంది. మరి డ్రా ఎందుకు? జాష్ చెయ్యి చాపింది ఆట అటో ఇటో తేలనప్పుడు కాదు. గెలుపు పన్నెండు ఎత్తుల దాకా కళ్ళకి కట్టాక. అంటే అది సమానుల మధ్య ఒప్పందం కాదు, దానం. దానం మంచిదే. కానీ దానం ఇచ్చేవాడు ముందుగా తన జేబు తడిమి చూసుకున్నాడు. ఇంకోవైపు పో సంగతి చూడండి. బోర్డు మీద తను ముందున్నానని నమ్ముతున్న ఎనిమిదేళ్ళ పిల్లాడు, ఎదుటివాడు ఎత్తు కూడా వెయ్యకుండా నువ్వు ఓడిపోయావు, డ్రా తీసుకో అంటే ఏం చెయ్యాలి? ఏ కోచ్ అయినా ఏం చెప్తాడు? నీ ఆట నువ్వాడు అనేగా. పో చేసింది అదే. చెస్ మర్యాద ప్రకారం చూస్తే ఆ బల్ల దగ్గర పద్ధతిగా ఉన్నది వాడే. సినిమా మాత్రం దాన్ని పొగరు కింద రాసుకుని శిక్ష వేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ముగింపు స్థితిని సినిమా కోసమే అసలు పాండోల్ఫీని, అసలు జాష్ కలిసి తయారు చేశారు. సినిమా వచ్చాక అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ లారీ ఎవాన్స్ అందులో ఒక లొసుగు చూపించాడు. జాష్ చెయ్యి చాపిన తర్వాత కూడా, సరిగ్గా ఆడితే, పోకి ఆటని డ్రా చేసుకునే దారి ఉందట. అంటే తప్పదు అని సినిమా చెప్పిన గెలుపు తప్పనిది కాదు. ఆ బోర్డు మీద న్యాయమైన ఫలితం డ్రానే. సినిమా దయగా ఇస్తున్నాననుకున్నది పోకి హక్కుగా రావాల్సినదే. లొసుగు పట్టుకుని సినిమాని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కోడ్ రాసేవాణ్ణి, ఏ ప్రోగ్రామ్‌లోనైనా బగ్గు ఉంటుందని తెలుసు. కానీ కొన్ని బగ్గులు ప్రోగ్రామ్ రాసినవాడు అసలు ఏం కోరుకున్నాడో బయటపెడతాయి. వీళ్ళకి గెలుపు కావాలి, పక్కాగా కావాలి. మంచితనం నిరూపించడానికి కూడా వీళ్ళకి ముందు గెలుపే కావాల్సొచ్చింది.

మరి 1986లో నిజంగా ఏమైంది?

జాష్ ప్రత్యర్థి పేరు జెఫ్ సార్వర్, కెనడా పిల్లాడు. 1978లో పుట్టాడు, అంటే జాష్ కంటే దాదాపు ఏడాదిన్నర చిన్న. చిన్నపిల్లల అమెరికన్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో వాళ్ళిద్దరి ఆట టైటిల్‌ని తేల్చేది. ఎవరూ గెలవలేదు. ఒకరి పావులు ఒకరు తింటూ, బంట్లు కూడా అయిపోయి, చివరికి బోర్డు మీద ఇద్దరు రాజులే మిగిలారు. ఆట డ్రా. పాయింట్లు సమానం కాబట్టి టై-బ్రేక్ లెక్క చూశారు. టోర్నమెంట్ మొత్తం మీద గట్టి ప్రత్యర్థులతో ఆడింది జాష్ అని తేలింది. మొదటి స్థానం అతనికి ఇచ్చారు.

ఈ ముగింపుని ఒక్క నిమిషం ఊహించుకోండి. అరవై నాలుగు గళ్ళు, రెండే పావులు. చెస్‌లో రాజు రాజుని చంపలేడు. అసలు పక్క గడిలోకి కూడా రాలేడు, ఇద్దరి మధ్యా కనీసం ఒక గడి ఖాళీ ఉండి తీరాలి. ఇద్దరు పిల్లలు తమ దగ్గరున్న సైన్యం అంతా ఖర్చుపెట్టేసి, ఇక ఒకరినొకరు ఏమీ చెయ్యలేని చోటికి వచ్చారు. ఎవరూ ఎవరికీ దానం చెయ్యలేదు. ఇద్దరూ ఆఖరి బంటు దాకా పోరాడారు కాబట్టే ఆ సమానత్వం వచ్చింది. వానలో తండ్రి నిలబడిన దూరం గుర్తుందా? ఇక్కడ ఇద్దరు పిల్లల మధ్యా ఆట పెట్టిన దూరం ఒక్క గడి. కాన్రాడ్ హాల్ లాంటి కెమెరామన్ చేతికి ఇంతకంటే మంచి షాట్ ఏం దొరుకుతుంది?

టై-బ్రేక్ సంగతి ఇంకా లోతైనది. గట్టి ప్రత్యర్థులు అని ఎలా లెక్కేస్తారు? ఇలాంటి టోర్నమెంట్లలో మామూలుగా వాడే పద్ధతి ఒకటుంది. నువ్వు ఆడిన ప్రత్యర్థులందరి పాయింట్లూ కూడతారు. నీ చేతిలో మొదటి రౌండ్‌లో ఓడినవాడు తర్వాత బాగా ఆడి గెలిస్తే నీ లెక్క పెరుగుతుంది. వాడు నీరసపడి అన్నీ ఓడితే నీ లెక్క పడిపోతుంది. అంటే నీ స్థానం చివరికి నువ్వు ఓడించినవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. వాళ్ళు తలెత్తుకుని మళ్ళీ ఆడితేనే నువ్వు పైకొస్తావు. ఎదుటివాణ్ణి ద్వేషించాలా వద్దా అని సినిమా రెండు గంటలు మథనపడింది. దానికి జవాబు టోర్నమెంట్ లెక్కల కాగితంలోనే ఉంది, ఒక కాలమ్‌లో. ఎవరూ చదవలేదు.

సినిమా ఎందుకు వాడుకోలేదో ఊహించడం కష్టం కాదు. డ్రాతో ముగిసే స్పోర్ట్స్ సినిమాకి టికెట్లు ఎవరు కొంటారు? అంకెల కూడికతో హీరో ఫస్ట్ వచ్చాడంటే ఎవరు చప్పట్లు కొడతారు? కానీ నా ఫిర్యాదు టికెట్ల గురించి కాదు, పో గురించి.

సినిమాలో పోకి అమ్మానాన్నా కనిపించరు. ఒక టీచర్ ఉంటాడు, అంతే. వాడు నవ్వితే వెక్కిరింపు, చూస్తే బెదిరింపు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి విలన్ చెయ్యడానికి ఇవన్నీ తీసెయ్యాలి కాబట్టి తీసేశారు. అసలు పిల్లాడికి ఇవన్నీ ఉన్నాయి, ఇంకా ఎక్కువే. జెఫ్ సార్వర్ అదే 1986లో అండర్-10 ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే, తండ్రి పిల్లల్ని పెంచే తీరు మీద ఆరోపణలు వచ్చి, కెనడా పిల్లల సంరక్షణ అధికారులు అతన్నీ అక్కనీ తండ్రి దగ్గర్నించి తీసుకెళ్ళారు. పిల్లలు పారిపోయి మళ్ళీ తండ్రి దగ్గరికే చేరారు. ఆ పైన ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకుండా బతికారు. చాలాకాలం తర్వాత పెద్దవాడై, యూరప్‌లో పోకర్ ఆటగాడిగా బయటికొచ్చాడు. తన బాల్యం గురించి తనే మాట్లాడాడు. సినిమా వచ్చిన 1993లో అతనికి పదిహేనేళ్ళు.

ఓడిపోతే నాన్న దూరమవుతాడేమోనని భయపడ్డ పిల్లాడి కథ ఇది. ఆ భయాన్ని ఇంత సున్నితంగా అర్థం చేసుకున్న సినిమా, బల్లకి అవతల కూర్చున్న పిల్లాడికి కూడా ఒక తండ్రి ఉండుంటాడని, వాడూ ఏదో ఒక వానలో నిలబడి ఉంటాడని ఎందుకు అనుకోలేదు? జాష్ చేత పోకి చెయ్యి అందించిన సినిమా తను మాత్రం పోకి చెయ్యి అందించలేదు. ఒక్క సీన్ చాలు. ఆట అయ్యాక పో ఎవరితో ఇంటికెళ్ళాడో చూపిస్తే చాలు.

జాష్‌కి కూడా గెలుపు ఊరికే రాలేదు. సినిమా పేరు మోగాక టోర్నమెంట్లలో కెమెరాలు, ఆటోగ్రాఫులు వెంటపడ్డాయి. ఆడుతున్నప్పుడు తనని తను బయటినుంచి చూసుకోవడం మొదలైందని, ఆటతో ఉన్న సహజమైన చనువు పోయిందని 2007లో తన పుస్తకంలో అతనే రాసుకున్నాడు. ఇంటర్నేషనల్ మాస్టర్ దాకా వచ్చి పోటీ చెస్ వదిలేశాడు. తాయ్ చీ వైపు వెళ్ళి అందులో ప్రపంచ స్థాయి పోటీలు గెలిచాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన సామెత. ఈ ఇద్దరు పిల్లల్లో ఎవరు ఎక్కడ ఏడ్చారో చెప్పడం అంత తేలిక కాదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. కానీ పిల్లలకి తప్పక చూపించాల్సిన సినిమాల లిస్టుల్లో ఇది మన దగ్గరా కనపడుతూ ఉంటుంది. అమ్మానాన్నలకి ఇది ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసనుకుంటాను. మీవాడు మంచివాడుగా ఉంటూనే ఫస్ట్ రావచ్చు అని ఈ సినిమా హామీ ఇస్తుంది. రెండూ కావాలి మనకి. పిల్లాడు పక్కవాడికి నోట్స్ ఇవ్వాలి, ర్యాంకు కూడా తనదే కావాలి. నోట్స్ ఇచ్చి రెండో ర్యాంకు తెచ్చుకున్నవాడి కథ ఎవరికీ అక్కర్లేదు.

మన దగ్గర చెస్ తండ్రి అనగానే గుర్తొచ్చేది కోనేరు అశోక్. కూతురికి ఆట నేర్పడం కోసం కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వదిలేసుకున్న మనిషి. హంపి 1997లో అండర్-10, మరుసటి ఏడాది అండర్-12, 2000లో అండర్-14 ప్రపంచ టైటిళ్ళు తెచ్చింది. 2002లో, పదిహేనేళ్ళు నిండిన రెండు నెలల లోపే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ తండ్రిది త్యాగం అని మనం చెప్పుకుంటాం, సబబే. కానీ అలాగే ఉద్యోగం మానేసి, కూతురు పద్నాలుగో స్థానంతో ఆగిపోయిన తండ్రి కూడా ఎక్కడో ఉండే ఉంటాడు. ఆయన చేసినదాన్ని ఏమనాలో మనకి మాట లేదు. ఇంజనీరింగ్ భాషలో దీన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. తిరిగొచ్చిన విమానాలనే లెక్కపెట్టి యుద్ధం గురించి తీర్మానాలు చెయ్యడం.

తెలుగులో 'జెర్సీ'కి కూడా ఈ బెంగ ఉంది. అక్కడ కొడుకు కళ్ళల్లో నిలబడటం కోసం ముప్పై ఆరేళ్ళ తండ్రి మళ్ళీ బ్యాటు పడతాడు. ఇక్కడ తండ్రి కళ్ళల్లో నిలబడటం కోసం ఏడేళ్ళ కొడుకు పావులు కదుపుతాడు. దిక్కు మారింది, ఒత్తిడి అదే. పెద్దవాడు తన కోరికతో ఆ ఒత్తిడి నెత్తిన పెట్టుకుంటే అది కథానాయకుడి లక్షణం. పిల్లాడి నెత్తిన పెడితే? ఆ ప్రశ్న అడిగినందుకు జైలియన్ సినిమాకి నేను ఎప్పుడూ రుణపడి ఉంటాను. జవాబు దగ్గరికొచ్చేసరికి అది గెలుపుతో రాజీపడిపోయింది.

రాజీపడని చోటు ఒకటి మాత్రం ఉంది. ట్రోఫీ గొడవ అంతా అయ్యాక సినిమా ఆఖర్లో జాష్ తన స్నేహితుడు మోర్గన్ భుజం మీద చెయ్యేసి నడుచుకుంటూ వెళ్తాడు. మోర్గన్ చిన్నపిల్లాడు, ఆ టోర్నమెంట్‌లో ఓడిపోయాడు. నీ వయసులో నేను ఇంత బాగా ఆడేవాణ్ణి కాదు అన్నట్టు జాష్ వాడికి చెప్తాడు. ఇద్దరి మధ్యా తేడా ఎంతో లేదు కాబట్టి ఆ మాటకి నవ్వొస్తుంది. అందులో దానం లేదు, ముందుగా పన్నెండు ఎత్తులు లెక్కేసుకోవడం లేదు. మోర్గన్ రేపు మళ్ళీ బోర్డు ముందు కూర్చోవడానికి కావలసినంత ధైర్యం మాత్రం ఉంది. టై-బ్రేక్ లెక్క తెలిసినవాళ్ళకి ఆ మాట విలువ ఇంకొంచెం ఎక్కువ అర్థమవుతుంది. బోర్డు మీదుగా చాపిన చెయ్యి అందరికీ గుర్తుంటుంది. నేను మాత్రం ఈ సినిమాని ఆ భుజం మీది చెయ్యి కోసం మళ్ళీ చూస్తాను.